బెదిరిన గుర్రానికి మళ్ళీ నమ్మకం కుదిరేదెలా?

కార్తిక శుద్ధ ఏకాదశి దాటిందంటే గుజరాత్‌లో పెళ్ళిళ్ళ కాలం మొదలవుతుంది. అప్పుడు సూరత్‌లో సాయంకాలం వీధిలోకి వెళితే ఎక్కడో ఒకచోట ఊరేగింపు ఎదురవుతుంది. ముందు బ్యాండు మేళం, లౌడ్‌స్పీకర్లు కట్టిన వ్యాను, దీపాల వరుస, టపాకాయల పొగ. వీటన్నిటి నడుమ జరీ గుడ్డలతో అలంకరించిన గుర్రం మీద పెళ్ళికొడుకు. ఈ ఊరేగింపును గుజరాతీలు ‘వర్‌ఘోడో’ అంటారు. మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన మన నేత కుటుంబాల పిల్లలకు ఇది బాగా తెలిసిన దృశ్యమే.

ఆ ఊరేగింపులో మీరు పెళ్ళికొడుకును కాక గుర్రాన్ని గమనించారా? దాని చెవులు ఎటు తిరిగి ఉన్నాయి? ముక్కుపుటాలు ఎలా ఉన్నాయి? తోక వదులుగా వేలాడుతోందా, బిగుసుకుని ఉందా?

ఒక గుర్రాన్ని ఊహించుకుందాం. అది కాఠియావాడీ జాతి ఆడగుర్రం. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకేటట్లు ఉండటం ఈ సౌరాష్ట్ర జాతి ప్రత్యేకత. పేరు రాణి అనుకుందాం. ఒక సాయంకాలం ఊరేగింపులో దాని కాళ్ళ దగ్గరే టపాకాయ పేలింది. రాణి ఒక్కసారిగా వెనక్కి గెంతింది. పగ్గం పట్టుకున్న మనిషి కంగారుపడి బలంగా గుంజాడు. నోట్లోని ఇనుప కళ్ళెం కోసుకుపోయింది. పైగా రెండు దెబ్బలు కూడా పడ్డాయి. మరునాడు డప్పు వినగానే రాణి నిలిచిపోయింది. నాలుగు రోజుల తరువాత దీపాలు కనబడగానే నిలిచిపోయింది. వారం తిరిగేసరికి, ఇంటి దగ్గర జీను తెస్తుంటేనే వెనక్కి తిరగసాగింది. యజమాని “దీనికి పొగరెక్కింది” అన్నాడు.

నిజంగా పొగరేనా? కాకపోతే మరేమిటి? పోయిన నమ్మకాన్ని తిరిగి తెప్పించవచ్చునా? ఈ ప్రశ్నలకు జంతుప్రవర్తన శాస్త్రం ఇచ్చే సమాధానాలు ఏమిటో తెలుసుకుందాం.

పారిపోవటమే ప్రాణరక్షణ

గుర్రానికి కొమ్ములు లేవు, కోరలు లేవు. బహిరంగ మైదానాల్లో గడ్డి మేస్తూ బతికిన ఆ జంతువుకు శత్రువు నుంచి తప్పించుకునే ప్రధాన సాధనం పరుగే. గుర్రాల కుటుంబపు చరిత్ర సుమారు 5.5 కోట్ల సంవత్సరాలది. నేటి పెంపుడు గుర్రాల వంశం మనిషి చేతికి వచ్చి సుమారు 4,200 సంవత్సరాలే అయిందని పురాతన డి.ఎన్.ఏ. పరిశోధనలు సూచిస్తున్నాయి. పొదలో అలికిడి అయినప్పుడు “అది పులియా, గాలియా?” అని ఆలోచిస్తూ నిలబడ్డ గుర్రాల కంటే, ముందు పరుగెత్తి తరువాత తిరిగి చూసిన గుర్రాలే ఎక్కువగా బతికి సంతానాన్ని మిగిల్చాయి. రాణి ఆ పరుగెత్తిన వాటి సంతానమే.

దాని ఇంద్రియాలు కూడా అందుకు తగినట్లే అమరాయి. కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల గుర్రం తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. అయితే నుదుటికి సరిగ్గా ముందున్న కొద్దిచోటు, తోకకు సరిగ్గా వెనుక ఉన్న చోటు దానికి కనబడవు. అందుకే గుర్రాన్ని వెనుక నుంచి సమీపించరాదని పెద్దలు చెబుతారు. మనిషి కంటిలో రంగులను గుర్తించే శంకుకణాలు మూడు రకాలు. గుర్రం కంటిలో రెండే. నీలం, పసుపు దానికి వేరువేరుగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా స్పష్టంగా తెలియదు. వెలుగు నుంచి చీకటికి, చీకటి నుంచి వెలుగుకు మారినప్పుడు దాని కన్ను సర్దుకోవటానికి మన కంటికంటే ఎక్కువ సమయం పడుతుంది. చీకటి సందులోంచి వచ్చిన గుర్రం ముందు ఒక్కసారిగా వందల దీపాలు వెలిగితే దాని పరిస్థితి ఏమిటో ఊహించండి.

ఇక వినికిడి. మనిషి సెకనుకు సుమారు 20 నుంచి 20,000 కంపనాల వరకు వినగలడు. గుర్రం మన మందర ధ్వనులను కొన్నిటిని వినలేకపోయినా, పై వైపున 33,000 కంపనాలను మించి వినగలదు. మనకు నిశ్శబ్దంగా తోచిన చోట కూడా దానికి ఏదో వినబడుతూ ఉండవచ్చు. దాని చర్మం ఈగ వాలిన చోటును మాత్రమే వణికించగలిగేంత సున్నితమైనది. అంత సున్నితమైన శరీరం మీద మనం జీను వేసి, నోట్లో ఇనుము పెట్టి, దీపాల మధ్యకు తీసుకుపోతున్నాము. అది బెదరటం వింత కాదు. బెదరకుండా నడవటమే వింత!

భయం కూడా ఒక పాఠమే

రాణి టపాకాయకు బెదరటం సహజ ప్రతిచర్య. కాని డప్పుకు, దీపాలకు, చివరకు జీనుకు బెదరటం ఎక్కడి నుంచి వచ్చింది? అది నేర్చుకున్నది.

రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు మీరు చదివే ఉంటారు. ఆహారానికి ముందు మళ్ళీ మళ్ళీ ఒక ధ్వని వినిపిస్తే, కొన్నాళ్ళకు ఆ ధ్వని వినగానే కుక్కకు లాలాజలం ఊరుతుంది. దీనిని నిబంధనం అంటారు. భయం కూడా ఈ దారినే వస్తుంది. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆల్బర్ట్ అనే పసివాడి మీద ఒక ప్రయోగం చేశారు. మొదట వాడికి తెల్ల ఎలుక అంటే భయం లేదు. ఎలుకను తాకబోయినప్పుడల్లా వాడి వెనుక ఇనుప కడ్డీని సుత్తితో మోగించారు. కొద్ది సార్లకే వాడు ఎలుకను చూడగానే ఏడవటం మొదలుపెట్టాడు. తరువాత కుందేలును, బొచ్చు ఉన్న ఇతర వస్తువులను చూసి కూడా ఏడ్చాడు. ఒక దాని పట్ల కలిగిన భయం దానిని పోలిన వాటికి పాకడాన్ని సామాన్యీకరణ అంటారు. పసిబిడ్డను ఇలా భయపెట్టే ప్రయోగాన్ని ఈనాటి పరిశోధనా నియమాలు ఎంతమాత్రం అనుమతించవు. కాని రాణి మీద మనం తెలియకుండా చేసినది అదే ప్రయోగం. డప్పు, దీపాలు, జీను, పగ్గం పట్టిన మనిషి అన్నీ నొప్పికి ముందు వచ్చే గుర్తులయ్యాయి.

దీనికి తోడు రెండో పాఠం ఒకటి ఉంది. ఏ పని చేస్తే బాధ తొలగిపోతుందో ఆ పనిని ప్రతి జంతువూ మళ్ళీ చేస్తుంది. రాణి ముందుకాళ్ళు ఎత్తింది. భయపడి మనుషులు దూరం జరిగారు, ఊరేగింపు ఆగింది, దాన్ని ఇంటికి తోలుకుపోయారు. అంటే ముందుకాళ్ళు ఎత్తటం పనికివచ్చే ఉపాయమని రాణి నేర్చుకుంది. దానికి ఆ పాఠం చెప్పినది మనమే. ‘పొగరు’ అని మనం పేరు పెట్టిన దానిలో మొదటి భాగం భయం, రెండో భాగం ఆ భయం నుంచి బయటపడే ఉపాయం. ఇందులో మనిషి మీద పగ లేదు.

ముందు నొప్పి సంగతి చూడాలి

నమ్మకం గురించి ఆలోచించే ముందు పశువైద్యుని పిలవాలి. గుర్రం పళ్ళు జీవితంలో చాలాకాలం వరకు చిగురులోంచి పైకి జరుగుతూ, మేత నమలటంలో అరుగుతూ ఉంటాయి. అరుగుదల సమానంగా లేకపోతే అంచులు వాడిగా తేలి బుగ్గలను, నాలుకను కోస్తాయి. అప్పుడు కళ్ళెం బిగించగానే తల విదిలిస్తుంది. సరిపడని జీను మూపు మీద ఒత్తుకుని పుండు చేస్తుంది. నాడా వదులైనా, డెక్కలో రాయి ఇరుక్కున్నా అడుగు వేయటానికి జంకుతుంది. కడుపులో పుండ్లు ఉన్న గుర్రం, పొట్ట కింద పటకా బిగిస్తుంటే కరవటానికి వస్తుంది. చెవులు వెనక్కి బిగుసుకోవటం, కంటి చుట్టూ కండరాలు ముడుచుకోవటం, దవడ బిర్రుగా ఉండటం వంటి ముఖ లక్షణాలను బట్టి నొప్పిని అంచనా వేసే పద్ధతిని 2014లో ఐరోపా శాస్త్రజ్ఞులు ప్రచురించారు.

కొందరు గుర్రాన్ని అదుపు చేయటానికి ముళ్ళ కళ్ళెం వాడతారు. బరువు మోసే, బండి లాగే పశువుల రక్షణకై 1965లో మన దేశంలో చేసిన నియమాలు దీనిని నిషేధించాయి. చట్టం మాట అలా ఉంచినా, నోట్లో ముళ్ళు గుచ్చుకుంటున్న గుర్రానికి మనిషి చేయి అంటే ఏ అర్థం తోస్తుందో చెప్పనక్కరలేదు. నొప్పి కొనసాగుతున్నంత కాలం ఏ శిక్షణా ఫలించదు.

పీటర్, కుందేలు, తెల్ల సంచి

నేర్చుకున్న భయాన్ని తగ్గించే మార్గం 1924లోనే ఒక పరిశోధకురాలు చూపింది. ఆమె పేరు మేరీ కవర్ జోన్స్. మూడేళ్ళు నిండని పీటర్ అనే పిల్లవాడికి కుందేలు అంటే భయం. వాడు ఇష్టమైన తినుబండారం తింటున్నప్పుడు కుందేలును బోనులో పెట్టి గదిలో దూరాన ఉంచారు. వాడు నిశ్చింతగా తింటున్నంతవరకే బోనును దగ్గరకు జరిపారు. కొన్ని వారాలకు వాడు కుందేలును చేత్తో నిమిరాడు. ఇందులో రెండు సూత్రాలు ఉన్నాయి. భయపెట్టే దానిని భయం పుట్టని మోతాదులో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచటం ఒకటి. దానికి మంచి అనుభవాన్ని జోడించటం రెండోది.

గుర్రాల విషయంలో ఇవి పనిచేస్తాయా? డెన్మార్క్ శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, రెండేళ్ళ వయసున్న 27 గుర్రాలకు కదిలే తెల్లటి నైలాన్ సంచిని పరిచయం చేశారు. ఒక గుంపుకు సంచిని పూర్తిగా ఎదురుపెట్టి అలవాటు పడేదాకా చూపారు. రెండో గుంపుకు చిన్న చిన్న మెట్లుగా పరిచయం చేశారు. మూడో గుంపుకు మేతతో జోడించారు. మెట్లుగా నేర్చిన గుర్రాలు తక్కువసార్లు బెదిరాయి, తక్కువ పాఠాలతో నేర్చుకున్నాయి, ఆ గుంపులోని గుర్రాలన్నీ చివరికి నెమ్మదించాయి. మిగిలిన రెండు గుంపుల్లో కొన్ని గుర్రాలకు అలవాటే కాలేదు.

ఆ ప్రయోగంలో మరొక ముఖ్యమైన సంగతి బయటపడింది. బెదరటం మానేసిన తరువాత కూడా గుర్రాల గుండె వేగంలో మార్పులు కనిపిస్తూనే ఉన్నాయి. అంటే కదలకుండా నిలబడిన ప్రతి గుర్రమూ నెమ్మదించిన గుర్రం కాదు. ఊరేగింపులో రాయిలా నిలబడిన గుర్రాన్ని చూసి “ఎంత సాధువో!” అనుకుంటాము. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకునే దాని గుండె అప్పుడు ఎంత వేగంగా కొట్టుకుంటోందో మనకు కనబడదు.

చలికాలపు ఉదయాలు

సూరత్ గుర్రాలకు ఈ చికిత్స చేయటానికి క్యాలెండరే ఒక వీలు కల్పించింది. డిసెంబరు మధ్య నుంచి జనవరి 14న వచ్చే ఉత్తరాయణం వరకు గుజరాతీలు ‘కమూర్తా’ పాటిస్తారు. మన ధనుర్మాసంలో వలెనే ఆ నెల రోజులు పెళ్ళిళ్ళు జరగవు. గుర్రాలకు ఊరేగింపు పని తగ్గుతుంది. వాతావరణం కూడా అనుకూలమే. జనవరిలో సూరత్‌లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. మనం స్వెటరు వెతుక్కుంటాము కాని, గుర్రానికి అది హాయైన చలి. దాని శరీరం అదనపు శ్రమ లేకుండానే ఆ ఉష్ణోగ్రతలో వేడిని నిలుపుకోగలదు.

అయితే చలి ఉదయాల్లో కొన్ని జాగ్రత్తలు అవసరం. రాత్రంతా కట్టుకొయ్య దగ్గర నిలబడిన గుర్రానికి కండరాలు బిగుసుకుని ఉంటాయి. కనుక మొదటి పది పదిహేను నిమిషాలు నడకే నడిపించాలి. చల్లని గాలిలో గుర్రం హుషారుగా ఉంటుంది. చిన్న అలికిడికే గెంతవచ్చు. చలికి నీళ్ళు తక్కువ తాగితే ఎండుమేత పేగుల్లో గట్టిపడి కడుపునొప్పి వచ్చే ప్రమాదం ఉంది. నీళ్ళు తాగిందీ లేనిదీ రోజూ చూసుకోవాలి.

మొదటి వారం సవారీయే వద్దు. పగ్గం పట్టుకుని పక్కన నడవటం, ఆపటం, మళ్ళీ నడవటం చాలు. పగ్గాన్ని కొద్దిగా ముందుకు లాగితే అది ఒక ఒత్తిడి. గుర్రం ఒక్క అడుగు వేయగానే, ఆ క్షణంలోనే, పగ్గం వదులు కావాలి. బాధ తొలగటం వల్ల ఒక పని బలపడటాన్ని మనస్తత్వ శాస్త్రంలో ఋణాత్మక పునర్బలనం అంటారు. ఇది దండన కాదు. ఇందాక ముందుకాళ్ళు ఎత్తటం నేర్పినది కూడా ఈ సూత్రమే. ఇప్పుడు అదే సూత్రం చేత అడుగు వేయటం నేర్పిస్తున్నాము. కాని వదలటం ఆలస్యమైతే గుర్రానికి తాను ఏ పని చేసినందుకు హాయి కలిగిందో తెలియదు. అడుగు వేసిన తరువాత కూడా గుంజుతూ ఉంటే, ఏమి చేసినా బాధ తప్పదని నేర్చుకుంటుంది.

బహుమానం ఏమివ్వాలి? పిడికెడు పచ్చగడ్డి, చిన్న క్యారెట్ ముక్క చాలు. మరొక బహుమానం ఖర్చు లేనిది. గుర్రాలు ఒకదాని మూపును మరొకటి పళ్ళతో గోకుతూ ఉంటాయి. మెడ, వీపు కలిసే ఆ చోట మనిషి గోకినా గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పరిశోధన చూపింది. మెడ మీద చరచటం మనకు మెప్పుగా తోస్తుంది గాని, దానికి మూపు గోకటమే హాయి. బహుమానంతో నేర్చుకున్న గుర్రాలు ఎనిమిది నెలల తరువాత కూడా ఆ పాఠాన్ని మరవకుండా, మనుషుల దగ్గరకు ఇష్టంగా వచ్చాయని 2010లో ఫ్రెంచి పరిశోధకులు ప్రకటించారు.

రెండో వారం జీను వేసి, మనిషి ఎక్కి, తెలిసిన దారిలో చిన్న సవారీ. తోడుగా నెమ్మదైన మరొక గుర్రం ముందు నడిస్తే మరీ మంచిది. భయానికి అలవాటు పడిన గుర్రం పక్కన ఉంటే కొత్త గుర్రం తక్కువగా బెదురుతుందని డెన్మార్క్ శాస్త్రజ్ఞులు 2008లో చూపారు. సూరత్‌లో ఇందుకు డుమస్ సముద్రతీరం మంచి చోటు. ఆ నల్లని ఇసుక మీద గుర్రాలు, ఒంటెలు సందర్శకులను ఎక్కించుకుని తిరుగుతుంటాయి. తెల్లవారుజామున జనం పలుచగా ఉన్నప్పుడు, ఆటుపోట్ల వేళలు ముందుగా తెలుసుకుని, నీరు వెనక్కి తగ్గిన గట్టి ఇసుక మీద నడిపించాలి.

ఒక విచిత్రం ఇక్కడ మీరు గమనించవచ్చు. వెళ్ళేటప్పుడు ఒక పడవను చూసి బెదరని గుర్రం తిరిగి వచ్చేటప్పుడు అదే పడవను చూసి బెదరవచ్చు. తిరుగు దారిలో ఆ పడవ మరో కోణంలో కనబడుతుంది. మనకు అది పాత పడవే. గుర్రానికి కొత్త వస్తువు. అందుకే ప్రతి దారినీ రెండు వైపుల నుంచీ పరిచయం చేయాలి. బెదిరితే కొట్టరాదు. కొడితే పడవ దగ్గర నొప్పి కలుగుతుందన్న దాని అనుమానాన్ని మనమే నిజం చేసినట్లవుతుంది. తల దించి, పెదవులు కదిలిస్తూ, దీర్ఘంగా ఊపిరి వదిలేంత దూరానికి వెనక్కి తీసుకుపోయి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

మూడో వారంలో శబ్దాలు. దూరంగా, మెల్లగా ఒక్క డప్పు. గుర్రం మేత ఆపకుండా తింటూ ఉంటేనే రెండు గజాలు దగ్గరకు. తినటం ఆపిందంటే మోతాదు మించిందన్న మాట. నాలుగో వారంలో పగలే వెలిగించిన ఒకటి రెండు దీపాలు. ఏ మెట్టుకు ఎన్ని రోజులన్నది మన పంచాంగం నిర్ణయించరాదు. గుర్రమే నిర్ణయించాలి.

రౌతు గుండె సంగతి

ఇంతవరకు గుర్రాన్ని గురించే మాట్లాడాము. మరి మీద కూర్చున్న మనిషి? స్వీడన్‌లో 2009లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగం చెబుతాను. కొందరిని గుర్రంతో ఒక చోటు నుంచి మరో చోటుకు నాలుగుసార్లు వెళ్ళమన్నారు. నాలుగోసారి, దారిలో గుర్రం ముందు ఒక గొడుగు ఠక్కున తెరుస్తామని ముందే చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది. వాళ్ళతో ఉన్న గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది! గుర్రాలకు గొడుగు సంగతి ఎవరూ చెప్పలేదు. మనిషి కండరాల బిగువు, ఊపిరి, పగ్గం మీది పట్టు ఏదో రూపంలో వాటికి సమాచారం అందించి ఉండాలి.

ఇది గుర్రానికి కొత్త విద్య కాదు. 1900 ప్రాంతాల బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు పొందింది. ప్రశ్న అడిగితే డెక్కతో నేలను తట్టి సమాధానం చెప్పేది. ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1907లో అసలు రహస్యం వెల్లడించాడు. సరైన సంఖ్య దగ్గరకు రాగానే ప్రశ్నించిన మనిషి తల తనకు తెలియకుండానే అతిసూక్ష్మంగా కదిలేది. హాన్స్ ఆ కదలికను చూసి ఆగేది. దానికి లెక్కలు రావు. మనుషులను చదవటం వచ్చు. ఇటీవల 2018లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక మనిషి కోపపు ముఖాన్నో, నవ్వు ముఖాన్నో ఫోటోలో గుర్రాలకు చూపి, కొన్ని గంటల తరువాత అదే మనిషిని మామూలు ముఖంతో ఎదుట నిలబెట్టారు. ఫోటోలో చూసిన ముఖాన్ని బట్టి గుర్రాల ప్రవర్తన మారింది.

కనుక రాణి మీద ఎక్కే మనిషి “ఇప్పుడు బెదురుతుందేమో” అని పగ్గం బిగబట్టితే, ఆ బిగువే రాణికి ప్రమాద సూచన అవుతుంది. కోపంగా ఉన్నప్పుడు గుర్రం దగ్గరకు పోవద్దని గ్రీకు సేనాని జెనోఫన్ క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలోనే రాశాడు. మన భారత కథలో విరటుని కొలువులో అశ్వశిక్షకుడై చేరిన నకులుణ్ణి కవులు సౌమ్యునిగా చూపటం కూడా అనుభవం నేర్పిన మాటే కావచ్చు.

చెరిగిపోదు, మరుగున పడుతుంది

నెల గడిచింది. రాణి డుమస్ ఇసుక మీద తల దించి నడుస్తోంది. డప్పు విన్నా మేత ఆపటం లేదు. భయం పోయినట్లేనా?

పావ్‌లోవ్ కుక్కల దగ్గరకు మళ్ళీ వెళదాం. ధ్వని తరువాత ఆహారం ఇవ్వటం మానేస్తే లాలాజలం ఊరటం క్రమంగా ఆగిపోయింది. కాని కొంత విరామం తరువాత అదే ధ్వని వినిపిస్తే లాలాజలం మళ్ళీ ఊరింది! పాత పాఠం చెరిగిపోలేదు. దాని మీద కొత్త పాఠం పరచుకుంది, అంతే. భయం విషయంలోనూ ఇంతే. మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం భయపు గుర్తులను భద్రపరచటంలో ముఖ్యపాత్ర వహిస్తుంది. “ఇప్పుడు ప్రమాదం లేదు” అనే కొత్త పాఠం ఆ పాత గుర్తులను అణచి ఉంచుతుంది గాని తుడిచివేయదు. పైగా కొత్త పాఠం అది నేర్చిన చోటుకే ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటుంది. సముద్రతీరంలో నెమ్మదించిన గుర్రం ఇరుకు వీధిలో మళ్ళీ బెదరటానికి కారణం ఇదే. “ఇన్నాళ్ళు నేర్పినా బుద్ధి రాలేదు” అనుకోవటం పొరపాటు. ప్రతి కొత్త చోటా పాఠాన్ని కొంతైనా తిరిగి చెప్పాలి.

జనవరి 14 దగ్గరపడుతున్న కొద్దీ సూరత్ ఆకాశం గాలిపటాలతో నిండుతుంది. డాబాల మీద కేకలు, పాటలు. గాజుపొడి పూసిన మాంజా దారాలు తెగి చెట్లకూ స్తంభాలకూ వేలాడుతుంటాయి. ఆ దారం మనిషి మెడను కోయగలదు, గుర్రం కాళ్ళకూ కళ్ళకూ ప్రమాదమే. ఆ రెండు మూడు రోజులు సవారీ మానటమే తెలివి. ఒక్క చెడు అనుభవం మరుగున పడిన భయాన్ని బయటకు లాగగలదు. దానిని మళ్ళీ కప్పిపెట్టటానికి మరెన్నో మంచి ఉదయాలు కావాలి.

ఉత్తరాయణం దాటగానే పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలవుతాయి. యజమాని ముందు అసలు ప్రశ్న అప్పుడు నిలుస్తుంది. రాణిని తిరిగి లౌడ్‌స్పీకర్ల మధ్యకు పంపాలా? గుర్రం మీద ఆధారపడి బతికే కుటుంబానికి ఇది తేలిక ప్రశ్న కాదు. కొన్ని గుర్రాలు టపాకాయలు లేని చిన్న ఊరేగింపులకు అలవాటు పడవచ్చు. కొన్నింటికి తీరంలో నెమ్మదిగా నడిచే పనే తగినది కావచ్చు. సుమారు 400 కిలోల బరువున్న జంతువు జనం మధ్య బెదిరితే మనుషుల ప్రాణాలకే ముప్పు. నెల రోజులు శ్రమపడి నమ్మకం తెప్పించి, ఆ నమ్మకాన్ని తీసుకుపోయి మళ్ళీ టపాకాయ పక్కన నిలబెడితే, గుర్రం నేర్చుకునే పాఠం ఒక్కటే: మనిషి మంచితనం నిలకడైనది కాదు.

నమ్మకం అంటే గుర్రం మనల్ని ప్రేమించటమని మనం అనుకుంటాము. శాస్త్రం చెప్పేది ఇంకా సరళమైనది. ఈ మనిషి తరువాత ఏమి చేస్తాడో గుర్రం ముందుగా ఊహించగలగాలి, ఆ ఊహ ప్రతిసారీ నిజం కావాలి. పగ్గం లాగితే అడుగు వేయాలి. అడుగు వేస్తే పగ్గం వదులవుతుంది. నిన్నా ఇంతే, నేడూ ఇంతే, రేపూ ఇంతే. ఆ నిలకడకే నమ్మకమని పేరు.

దీనిని పరీక్షించటానికి మీకు గుర్రం అక్కరలేదు. అనుభవం లేనివారు బెదిరే గుర్రం దగ్గరకు వెళ్ళనే వద్దు. శిక్షకులు కూడా తలకు హెల్మెట్ లేకుండా ఎక్కరాదు. మీ ఇంట్లో జంకే దూడ ఉందా? దానికి కొంచెం దూరంలో పక్కకు తిరిగి కూర్చోండి. చేతిలో పచ్చగడ్డి పెట్టుకోండి. మీరు దాని దగ్గరకు వెళ్ళకండి. అది ఎన్ని అడుగుల దూరంలో ఆగిందో, చెవులు ఎటు తిప్పిందో రోజూ ఒకే వేళకు నోటు పుస్తకంలో రాయండి. రెండు వారాల తరువాత ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తించి చూడండి. గీత ఏటవాలుగా దిగుతుంటే, మీరు గీసినది నమ్మకపు గ్రాఫు. ఏదో ఒక రోజు గీత ఒక్కసారిగా పైకి లేచి ఉంటే, ఆ రోజు మీరు ఏమి చేశారో గుర్తుతెచ్చుకోండి. దూడకు గుర్తు ఉండే ఉంటుంది.